వంతెన కింద సాల్ట్ స్ట్రీట్

కెల్లర్ ఫాల్స్ ఊళ్లో ఎర్నెస్టీన్ టోలివర్ చేతి మాకరోని తినకుండా పెద్దయినవాళ్లు తక్కువ. బడి వంటగదిలో ఆవిడ గరిటె పట్టుకు నిలబడితే హెడ్మాస్టరైనా వరసలో రావాల్సిందే. రిటైరయ్యాక గరిటె వదిలింది గాని ఆ గొంతు వదల్లేదు.

ఆవిడ పుట్టింది సాల్ట్ స్ట్రీట్‌లో. నల్లవాళ్ల వీధి. ఆవిడ పెళ్లయిన ఏడాదే హైవే వంతెన కోసం ఆ వీధినంతా పడగొట్టారు. జనం తలో దిక్కూ పోయారు. పోతూ వాళ్లు వదిలేసిన ఫొటోలు, చర్చి విసనకర్రలు, మంగలి షాపు బోర్డు, బేస్‌బాల్ జట్టు చొక్కాలు ఎర్నెస్టీన్ ఏరి తెచ్చుకుంది. తర్వాత ఎవరింట్లో చావు జరిగినా ఏదో ఒకటి వండి పట్టుకెళ్లి, "పాత ఫొటోలు చెత్తలో వెయ్యకండమ్మా, నాకివ్వండి" అని చెప్పి వచ్చేది. ఇంట్లో మంచాల కిందా బీరువాల మీదా అన్నీ పెట్టెలే.

ఊరి నూటయాభై ఏళ్ల పండగ వచ్చింది. మ్యూజియం నడిపే లొరేన్ హాప్ట్ ఆవిడ ఇంటికొచ్చింది.

"మిస్ ఎర్నెస్టీన్, ఓ మూడు ఫొటోలు ఇస్తారా? 'ఇతర పేటలు' అని ఒక బల్ల వేస్తున్నాం."

"మూడా? మా వీధిలో ఎవర్ని రమ్మనమంటావు, ఎవర్ని ఇంట్లో కూర్చోమనమంటావు?"

"చోటు తక్కువండీ..." లొరేన్ నసిగింది.

"మాకు బోలెడుందిలే తల్లీ. హైవే కింద అంతా ఖాళీయే."

అన్నంత పనీ చేసింది. మర్నాడే నగరపాలక కార్యాలయానికి వెళ్లింది. బల్ల వెనకాల ఉన్న గుమాస్తా కర్టిస్ ఆవిణ్ణి చూడగానే లేచి నిలబడ్డాడు.

"శనివారం ఆ హైవే వంతెన కింద చోటు కావాలి నాయనా."

"ఎందుకు, మిస్ ఎర్నెస్టీన్?"

"మా వీధి మళ్లీ వేస్తాను."

శనివారం తమ్ముడు రాస్కో నిచ్చెన మోస్తూ సణుగుతూనే ఉన్నాడు. "గాలొస్తే అన్నీ పక్కనున్న నదిలోకే. అయినా ఎవరొస్తారే అక్కా ఇక్కడికి?"

"నోరు మూసుకుని ఆ తాడు గట్టిగా కట్టు."

ఎవరి ఇల్లు ఎక్కడుండేదో అక్కడి వంతెన స్తంభానికే వాళ్ల ఫొటోలు కట్టించింది. పాత వీధివాళ్లందరికీ ముందే ఫోన్లు చేసి ఉంచింది; మధ్యాహ్నానికి మడత కుర్చీలు, వేయించిన చేపలు, దూరపు ఊళ్ల నంబరు ప్లేట్లున్న కార్లు వచ్చిపడ్డాయి. డెట్రాయిట్ నుంచి వచ్చిన ఆల్విన్ అనే ముసలాయన ఒక స్తంభం దగ్గర కర్ర నేలకేసి కొట్టాడు.

"మంగలి షాపు ఇటుపక్క కాదు, అటుపక్క!"

"నాకు చెప్పొచ్చావా? నేనిక్కడ పుట్టాను."

"నేనక్కడ క్షవరం చేయించుకున్నాను. నువ్వెప్పుడైనా చేయించుకున్నావా?"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఎర్నెస్టీన్‌కూ నవ్వాగలేదు. నిచ్చెన తెప్పించి బోర్డు అటు మార్పించింది.

సాయంత్రం లొరేన్ కూడా వచ్చింది. అదే వేళకు ఎవరో ఒకావిడ ఒక ఫొటో ముందు కదలకుండా నిలబడిపోయింది. చక్రాల బూట్లేసుకుని నోరారా నవ్వుతున్న పడుచుపిల్ల ఫొటో అది. పేరు తెలియక ఎర్నెస్టీన్ దాని కింద ఏమీ రాయలేదు.

"మా అమ్మ. లూవీనియా," అందావిడ. "ఇల్లు మారేటప్పుడు మా ఫొటోలన్నీ పోయాయి. మా అమ్మ వయసులో ఉన్నప్పుడు ఎలా ఉండేదో నేనెప్పుడూ చూళ్లేదు."

ఎర్నెస్టీన్ తాడు విప్పి ఫొటో ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని గుండెలకు హత్తుకుంది.

"అసలుదే ఇచ్చేశావేంటే?" రాస్కో గొణిగాడు.

"మనదెప్పుడయిందిరా అది?"

లొరేన్ కళ్లు తుడుచుకుంది. "ఇదంతా మ్యూజియంలో పెట్టుకుందామండీ. బల్ల కాదు, ముందు గది."

"వీధి పేరుతో. గుమ్మం పైన, పెద్దక్షరాలతో."

"అలాగే."

"పండగ అయిపోగానే తీసేస్తామంటే ఒప్పుకోను."

"తియ్యంలెండి."

ఆ మాట లొరేన్ నిలబెట్టుకుంది. ఇప్పుడు శనివారాలు ఆ గదిలో ఎర్నెస్టీన్ కుర్చీ వేసుకు కూర్చుంటుంది. ఫొటో పట్టుకుని ఎవరొచ్చినా, కోటు విప్పకముందే అడుగుతుంది. "ఎవరి తాలూకు నువ్వు?"