మేఘన రాని ఏడాది: ఓర్లాండోలో మా టైమ్‌షేర్ వారం

మేం మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటాం. మా ఆయన ప్రసాద్ కార్ల కంపెనీలకు విడిభాగాలు తయారుచేసే సంస్థలో ఇంజనీరు. 2003లో, మా అమ్మాయి మేఘనకు ఆరేళ్ళప్పుడు, ఓర్లాండోలో ఒక థీమ్ పార్క్ పక్కనున్న రిసార్ట్‌లో టైమ్‌షేర్ కొన్నాం. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: టైమ్‌షేర్ అంటే ఆ రిసార్ట్‌లో ఏటా ఒక వారం మనదన్నమాట. ముందు పెద్ద మొత్తం పెట్టి కొనుక్కోవాలి. ఆ తర్వాత వెళ్ళినా వెళ్ళకపోయినా ఏటా మెయింటెనెన్స్ ఫీజు కట్టాలి. మా వారం జూన్ మొదట్లో వస్తుంది. కొన్నప్పటి నుంచి ఏ జూన్‌కీ మేం మరో చోటికి వెళ్ళలేదు. ఈ ఏడాది మాత్రం మే నెలలో మేఘన కాలేజీ నుంచి ఫోన్ చేసింది. వేసవికి ఒక ప్రొఫెసర్ దగ్గర పని దొరికిందట. "సారీ మమ్మీ, నేను రాలేను. మీరిద్దరూ వెళ్ళండి, ఎంజాయ్ చేయండి" అంది. మా వారాన్ని వేరేచోటికి మార్చుకునే గడువు అప్పటికే దాటిపోయింది. వదిలేస్తే ఫీజు దండగ. అలా మొదటిసారి పిల్ల లేకుండా ఇద్దరమే బయల్దేరాం. టైమ్‌షేర్ కొనమంటారా అని నన్ను అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకునేదాన్ని. ఈ ప్రయాణం తర్వాత నా దగ్గర ఒక జవాబు ఉంది.

విమానంలో వెళ్తే రెండున్నర గంటల పని. కానీ మాకు ఎప్పుడూ కారే అలవాటు. ఇంటి దగ్గర ఐ-75 హైవే ఎక్కితే ఒహాయో, కెంటకీ, టెన్నెసీ, జార్జియాల మీదుగా ఫ్లోరిడా దాకా దాదాపు ఒకటే రోడ్డు. శుక్రవారం తెల్లారకముందే బయల్దేరి, చీకటి పడేవేళకు చటనూగా దగ్గర ఒక మోటెల్‌లో ఆగాం. గది ఎనభై డాలర్లు. శనివారం పొద్దున్నే లేస్తే అట్లాంటా ట్రాఫిక్ లేకుండా దాటిపోవచ్చు, సాయంత్రానికి ఓర్లాండో చేరొచ్చు. రానూపోనూ పెట్రోలుకి రెండు వందల యాభై డాలర్ల దాకా అయింది. ఇవన్నీ మాకు నోటికొచ్చిన లెక్కలే. కొత్తగా అనిపించింది కారులో నిశ్శబ్దం. వెనక సీట్లో మేఘన లేదు. ఏ పాట పెట్టాలన్న గొడవ లేదు. టెన్నెసీ కొండల మధ్య నుంచి వెళ్తున్నంతసేపూ మేమిద్దరం ఏసీ ఎంతలో పెట్టాలి, ఏ ఎగ్జిట్‌లో కాఫీ తాగాలి అన్న రెండు విషయాలే మాట్లాడుకున్నాం.

రిసార్ట్‌లో మాది రెండు బెడ్‌రూములు, వంటగది ఉన్న ఇల్లు. నాకు అందులో ఏ అలమరలో ఏ గిన్నె ఉంటుందో తెలుసు. ప్రసాద్ బూట్లు విప్పి సోఫాలో వాలిపోయి, "హమ్మయ్య, మనింటికొచ్చినట్టుంది" అన్నారు. నేను డిక్కీలోంచి తెచ్చిన బియ్యం, కందిపప్పు, పచ్చళ్ళు, రైస్ కుక్కర్ సర్దుకుంటూ, నిజమే, అచ్చం ఇంటికొచ్చినట్టే ఉంది అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఇడ్లీలు తిని, అలవాటు ప్రకారం పార్కుకి వెళ్ళే బస్సు కోసం కిందికి దిగాం. డ్రైవర్ కార్లోస్ చాలా ఏళ్ళుగా తెలిసినవాడు. "మీ అమ్మాయి ఏది? ఇంకా నిద్ర లేవలేదా?" అని అడిగాడు. కాలేజీ సంగతి చెబితే, "అయితే ఈసారి మీ హనీమూన్!" అని నవ్వాడు. మేమూ నవ్వాం గానీ బస్సు ఎక్కలేదు. పార్కులో మేమిద్దరమే ఏం చేయాలో ఇద్దరికీ తోచలేదు. లాబీలోకి తిరిగొచ్చి, ఒకే సోఫాలో అటు చివర ఒకరం, ఇటు చివర ఒకరం కూర్చున్నాం.

అప్పుడే ఏడుస్తున్న మూడేళ్ళ పాపను ఎత్తుకుని ఒక అమ్మాయి సేల్స్ ఆఫీసులోంచి బయటికొచ్చింది. "ఊకో చిన్నీ, ఊకో. అయిపోతది, డాడీ వచ్చేస్తడు" అంటోంది. నేను తెలుగులో పలకరించగానే ఆమె ముఖం వెలిగిపోయింది. పేరు స్వప్న. వాళ్ళది కరీంనగర్. భర్త నరేశ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటారు. టైమ్‌షేర్ గురించి చెప్పేది గంటన్నర కూర్చుని వింటే పార్కు టికెట్లు సగం ధరకు ఇస్తామన్నారట. పొద్దుటి నుంచీ ఇంకా అవుతూనే ఉంది. మేం పన్నెండేళ్ళుగా ఇక్కడ ఓనర్లమని తెలియగానే ఆమె మా పక్కనే కూర్చుండిపోయింది.

"అక్కా, దేవుడు పంపినట్టు దొరికిన్రు. ఆయనకైతే ఆల్మోస్ట్ సైన్ చేద్దామనే ఉంది. ఈ రేటు ఇయ్యాల్నే అంట, రేపుండదంట. నిజం చెప్పున్రి. ఇన్నేండ్లు వస్తే బోర్ కొట్టదా? తీసుకోమంటరా?"

"తీసుకోండమ్మా, కళ్ళు మూసుకుని తీసుకోండి" అన్నారు ప్రసాద్.

"వద్దమ్మా" అన్నాను నేను.

రెండు మాటలూ ఒకేసారి బయటికొచ్చాయి. స్వప్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ప్రసాద్ నావైపు తిరిగారు. "అదేంటి వసుధా, అలా అనేశావు? మనం ఎంజాయ్ చేయలేదా?"

"మీరు చేశారు. మేఘన చేసింది."

"మరి నువ్వు?"

ఆపుకుందామనుకున్నాను. కొత్తవాళ్ళ ముందు ఈ మాటలేమిటి అనుకున్నాను. కానీ నోరు ఆగలేదు. "నాకు స్టవ్ మారేదండీ, అంతే. ఇంట్లో వండేదే ఇక్కడా వండాను. పొద్దున టిఫిన్, పార్కుకి పులిహోర డబ్బాలు, రాత్రికి పప్పూ అన్నం. అక్కడ గిన్నెలు కడిగి ఇక్కడికొచ్చి గిన్నెలు కడిగాను."

"వెకేషన్‌కొచ్చి వండమని నేనెప్పుడైనా అన్నానా?"

"వద్దని కూడా ఎప్పుడూ అనలేదు."

ఆయనకు నిజంగానే తెలియదని అప్పుడు ఆయన ముఖం చూస్తే అర్థమైంది. ఇంతలో నరేశ్ రంగురంగుల బ్రోషర్లు పట్టుకుని బయటికొచ్చాడు. స్వప్న అతనికి మా ఇద్దరి జవాబులూ చెప్పింది. అతను ఇబ్బందిగా నవ్వి, "అంకుల్, మీరెందుకు తీసుకోమంటున్నరు?" అని అడిగాడు.

ప్రసాద్ చెప్పడం మొదలుపెట్టారు. "2009లో కార్ల కంపెనీలు దెబ్బతిని నా జాబ్ పోయింది. మా ఊళ్ళో వీధికి ఇద్దరు ముగ్గురికి పోయింది, నేనేం స్పెషల్ కాదు. ఇల్లు ఉంచుకుంటామో లేదో తెలీదు. కానీ ఇక్కడి వారానికి ఫీజు అప్పటికే కట్టేసి ఉంది. అందుకని వచ్చేశాం. పార్కు టికెట్లు కొనలేదు, వారమంతా పూల్ దగ్గరే. మా అమ్మాయి ఆ వారంలోనే డైవ్ చేయడం నేర్చుకుంది. దూకిన ప్రతిసారీ పైకొచ్చి నేను చూస్తున్నానా లేదా అని చూసేది. ఆ వారం నేను నిరుద్యోగిని కాదయ్యా, వాళ్ళ నాన్నని, అంతే. అందుకే కొనమంటున్నాను."

నాకూ ఆ వారం గుర్తే. నేను ఆ వారమంతా కిటికీలోంచి వాళ్ళిద్దరినీ చూస్తూ, ఇంటికెళ్ళాక ఎలాగా అని దిగులు పడుతూ వంట చేశాను. నా జ్ఞాపకాల్లో అది మా సెలవులన్నిటిలోకీ పాడుది. ఆయన ఆరేళ్ళుగా దాన్ని అంత భద్రంగా దాచుకున్నారని నాకు తెలియదు. పూల్ దగ్గర తడితలలతో నవ్వుకుంటున్న ఆ ఇద్దరూ ఇప్పుడు నాకు ఇంకోలా కనిపించారు. ఆయన మీద కోపం పూర్తిగా పోలేదు కానీ, దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది.

నరేశ్, స్వప్న పక్కకెళ్ళి మాట్లాడుకున్నారు. తర్వాత లోపలికెళ్ళి, ఈరోజు సంతకం చేయడం లేదని చెప్పి, టికెట్లు తీసుకుని వచ్చేశారు. "వాళ్ళ మేనేజర్ కూడా వచ్చి ఇంకో రేటు చెప్పిండు. ఆలోచించుకోనియ్యమన్న" అన్నాడు నరేశ్, పరీక్ష రాసి వచ్చినవాడిలా ఊపిరి పీల్చుకుంటూ. "మీరూ మాతో పార్కుకి రాండ్రి అక్కా" అని స్వప్న పిలిచింది. నేను ఏదో చెప్పేలోపే ప్రసాద్ వెళ్ళి మా ఇద్దరికీ టికెట్లు కొనుక్కొచ్చారు. ఒక్కోటి వంద డాలర్ల దాకా అయింది.

చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు ఇది తెలుసుకోండి. పెద్ద రైడ్ల దగ్గర ఒకరు పిల్లతో బయట ఉండి, మొదటివాళ్ళు దిగాక మళ్ళీ క్యూలో నిలబడకుండా ఎక్కే వీలుంది. గేటు దగ్గర సిబ్బందిని అడిగితే చీటీ ఇస్తారు. మా ఇంట్లో మొదట ఎత్తు సరిపోని మేఘనతోనూ, తర్వాత సంచులతోనూ బయట ఉండేది నేనే. రోలర్ కోస్టర్ నేను ఒక్కసారీ ఎక్కలేదు. భయం వల్ల కాదు, ఎక్కాలని నాకే తోచలేదు. క్యూ దగ్గర ఆ మాట చెప్పగానే స్వప్న నా చెయ్యి పట్టుకుంది. "అయితే ఇయ్యాల ఎక్కాల్సిందే అక్కా." ప్రసాద్ నా హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని భుజానికి తగిలించుకున్నారు. నరేశ్ పాపను ఎత్తుకున్నాడు.

పైకి ఎక్కుతున్నప్పుడు టకటకమని గొలుసు చప్పుడు. శిఖరం మీద ఒక్క క్షణం ఆగినట్టయింది. దూరంగా చెరువులు, పచ్చటి చదును నేల, ఎక్కడో మా రిసార్ట్ ఎర్ర కప్పులు కనిపించాయి. తర్వాత ఏమీ కనిపించలేదు. అరిచాను. మేఘన పుట్టినప్పుడు తప్ప అంత గట్టిగా ఎప్పుడూ అరిచి ఉండను. దిగేసరికి జుట్టంతా పీచు. ప్రసాద్ నా బ్యాగు మోస్తూ ఎదురొచ్చి, "ఎలా ఉంది?" అన్నారు.

"మళ్ళీ ఎక్కుతాను" అన్నాను.

ఆ సాయంత్రం పూల్ పక్కనున్న గ్రిల్ మీద మగవాళ్ళిద్దరూ మొక్కజొన్న పొత్తులూ చికెనూ కాల్చారు. సగం మాడ్చారు. నేను కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాను. స్వప్న పక్కన చేరి, "మరి అమ్మేస్తరా అక్కా మీది?" అని మెల్లగా అడిగింది. పొద్దున అడిగితే అవుననేదాన్ని. గ్రిల్ దగ్గర్నుంచి ప్రసాద్ వినేశారు. చేతిలో పట్టకారుతోనే వచ్చి, "వచ్చే ఏడు ఎక్కడికెళ్దామో నువ్వు చెప్పు వసుధా. ఈ వారాన్ని ఎక్స్‌ఛేంజ్ చేసుకోవచ్చు కదా, మనమెప్పుడూ చేయలేదు గానీ" అన్నారు.

"టెన్నెసీ కొండలు. ఏటా వాటి మధ్యనుంచే వస్తాం, ఒక్కసారీ ఆగలేదు."

"సరే. వంట?"

"కొండల్లో కూడా హోటళ్ళుంటాయి."

మిగిలిన వారంలో నేను స్టవ్ వెలిగించింది కాఫీకే. ఒకరోజు ఓర్లాండోకి ఉత్తరాన ఉన్న ఊటనీటి కొలనుకి వెళ్ళాం. కారుకి కొద్ది డాలర్ల ప్రవేశ రుసుము, అద్దంలాంటి చల్లటి నీళ్ళు. తొందరగా వెళ్ళాలి, పార్కింగ్ నిండితే గేటు మూసేస్తారు. ఇంకోరోజు తూర్పుగా గంట ప్రయాణం చేసి సముద్రం చూశాం. అంత దగ్గర్లో సముద్రం ఉందని మ్యాపులో తెలుసు. ఒక్కసారైనా అటు వెళ్దామని అనుకోలేదు. తిరిగొచ్చే ముందురోజు మేఘనకు ఫోన్ చేసి కోస్టర్ సంగతి చెప్పాను. "వాట్? నువ్వు ఎక్కావా? నేను లేకుండానా? మమ్మీ, దట్స్ నాట్ ఫెయిర్!" అని అరిచింది. ఆ గొంతులో నిజంగానే ఉక్రోషం ఉంది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఏళ్ళ తరబడి ఒకేచోటికి వెళ్తే ఆనందం నిలుస్తుందా అంటే, దానంతటది నిలవదు. ఆరేళ్ళ పిల్ల కోసం కొన్న వారం పద్దెనిమిదేళ్ళ పిల్లకు సరిపోదు, నలభై దాటిన తల్లికి అసలే సరిపోదు. కానీ అది పాడైపోయిన వస్తువూ కాదు. మేం దాన్ని ఒక్కలాగే వాడుతూ వచ్చాం, ఎవరికెలా ఉందని ఒకరినొకరు అడగలేదు. అడిగాక అదే వారం కొత్తగా తోచింది. ప్రసాద్‌కి ఓర్లాండో ఇష్టం కాబట్టి మధ్యమధ్యలో మళ్ళీ వస్తాం. మిగతా ఏళ్ళలో నేను చూడని చోట్లు చాలా ఉన్నాయి. మేం దాన్ని అమ్మడం లేదు.

కొనాలనుకునేవాళ్ళకు నా సలహా ఒక్కటే. అమ్మేవాళ్ళు రేటు చెప్పిన ఆరోజే సంతకం పెట్టకండి. ఏదో ఒక ఓనరు దగ్గర అదే రిసార్ట్‌లో ఒక వారం అద్దెకు తీసుకుని, ఇంటిల్లిపాదీ వెళ్ళి ఉండి చూడండి. తిరిగొచ్చేటప్పుడు కారులో ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడగండి, మళ్ళీ రావాలనుందా అని. స్వప్న, నరేశ్ ఇప్పుడు అదే చేస్తున్నారు. వచ్చే జూన్‌లో మేం కొండలకు వెళ్ళేలోపే ఉండి రావాలని మా రిసార్ట్‌లోనే వేరే ఓనరు వారాన్ని అద్దెకు మాట్లాడుకున్నారు. చిన్ని ఏమంటుందో చూసి నిర్ణయిస్తారట.