మంచిగున్నోళ్ల లిస్టులో నా పేరు

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. హాలియా దగ్గర మా ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా, గాలి సోకిందని తాయెత్తు కట్టించబోతే, ముందు దవాఖానకు పొండని చెప్పేది నేనే. అలాంటి నాకే ఇది జరిగింది. మనవలు మీరు ముగ్గురూ పుణె నుంచి ఫోన్ చేసినప్పుడల్లా ఆ కార్డు సంగతి అడుగుతున్నారు. మీ అమ్మ సగం చెప్పి సగం మింగినట్టుంది. జరిగింది జరిగినట్టు చెప్తాను.

ఆడవాళ్లకు బస్సు కిరాయి తీసేసిన తర్వాత వచ్చిన ఎండాకాలం అది. నల్లగొండలో ఒక దవాఖాన వాళ్లు పేగు జబ్బుల మీద పరిశోధన మొదలుపెట్టారు. కవిత అనే అమ్మాయి ఊళ్లు తిరిగి పేర్లు రాసుకునేది. జబ్బున్నవాళ్లతో పోల్చి చూడటానికి ఏ జబ్బూ లేనివాళ్లు కూడా కావాలట. "నీ వయసుల గింత గట్టిగ ఎవ్వరు లేరవ్వా" అన్నది. ఉబ్బిపోయి సంతకం పెట్టాను.

రక్తం తీసుకున్నారు. ఒక చిన్న డబ్బా ఇచ్చి మలం తెమ్మన్నారు. దాన్ని నాలుగు కవర్లలో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కితే, పక్క సీటామె "తొక్కా అవ్వా, మామిడికాయదా?" అని అడిగింది. ఏం చెప్తాను? తలూపాను.

పరీక్షలన్నీ బాగున్నాయని చెప్పి నా చేతికి ఒక కార్డు ఇచ్చారు. రెండు నెలల తేదీలు, తేదీకొక గడి, గడిలో రెండు బొమ్మలు. కడుపు బాగుంటే నవ్వే బొమ్మ మీద గీత, నొప్పి ఉంటే ఏడ్చే బొమ్మ మీద గీత. అంతే పని.

వారం తిరగకముందే నొప్పి వచ్చింది. బొడ్డు కింద ఎడమ వైపు, తడిబట్ట పిండినట్టు. తెల్లారుతుండగా మొదలై పొద్దెక్కేసరికి పోయింది. ఏడుపు బొమ్మ మీద గీత పెట్టాను. నాలుగు రోజులకు మళ్లీ వచ్చింది. మళ్లీ గీత.

కవిత వచ్చి కార్డు చూసి తల పట్టుకుంది. "అవ్వా, నిన్ను మంచిగున్నోళ్ల లిస్టుల రాసినం. నువ్వు గిట్ల గీస్తె మా సారు నన్ను తిడ్తడు."

"నొప్పి లేస్తుంటె నవ్వుకుంట గీయాల్నా బిడ్డా?" అన్నాను.

పేగులోకి కెమెరా పైపు వేసి చూస్తామన్నారు. ముందు రోజు ఏదో పొడి కలిపిన ఉప్పునీళ్లు లీటర్లకు లీటర్లు తాగించారు. ఆ రాత్రి నేను పడ్డ అవస్థ పిల్లలు మీకెందుకు చెప్పడం. తీరా చూస్తే ఏమీ లేదు. నొప్పి మాత్రం ఆగలేదు. నెల తర్వాత మళ్లీ అవే ఉప్పునీళ్లు, అదే పైపు. ఈసారీ ఏమీ లేదు.

డాక్టరు సారు విసుక్కున్నాడు. "జబ్బున్నవాళ్లేమో నొప్పి లేదని దాస్తారు. మీరేమో లేని నొప్పి ఉందంటారు. కార్డు నిండగానే తెచ్చి ఇచ్చేయండి అవ్వా, చాలు."

ఊళ్లో వాళ్లు అంతకన్నా నయమా? "బస్సు ఉత్తగ దొరికిందని సైదమ్మ దవాఖానలు తిరుగుతాంది" అని నవ్వుకున్నారు. అబద్ధమాడే అలవాటు లేని మనిషిని నేను. ఆ వయసులో అబద్ధాలకోరు అనిపించుకున్నాను.

కార్డు ఇవ్వడానికి బయల్దేరే ముందు రోజు హుజూర్‌నగర్‌లో మా యారాలు ముత్తమ్మ మనవరాలిని తొట్టెలలో వేసే పండుగ ఉంది. ముత్తమ్మ అంటే మీ తాత తమ్ముడి భార్య. మా ఇద్దరికీ రక్తసంబంధం లేదు, అది గుర్తుపెట్టుకోండి. మాటలు కూడా లేవు. కూతురి పెళ్లిలో నాకు రైకముక్క లేని చీర పెట్టిందని రెండేళ్లు నేను ఆ గడప తొక్కలేదు. ఫోన్ కూడా లేదు. ముత్తమ్మ కూతురు సునీత ఏడ్చి పిలిస్తే, అక్కడి నుంచి అటే నల్లగొండ పోవచ్చని కార్డు సంచిలో వేసుకుని వెళ్లాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గోడ వారగా కూర్చున్నాను. ఎదురుగా క్యాలెండర్. కొన్ని తేదీలకు ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. మొన్నటి శుక్రవారానికి కూడా చుట్టి ఉంది. ఆ శుక్రవారం తెల్లారి నేను నొప్పితో మంచం దిగలేదు.

"ఆ సున్నాలేంది సునీతా?"

"అవి మేం ఎవ్వరికి పాలు పోయని రోజులు పెద్దమ్మా. అమ్మకు తెల్లారంగ కడుపునొప్పి లేస్తది, పండుకునే ఉంటది. ఆ బర్రె అమ్మను తప్ప ఎవ్వరిని దగ్గరికి రానియ్యది. ఎవ్వరికి చెప్పొద్దని నాతోని ఒట్టు వేయించుకున్నది."

సంచిలోంచి కార్డు తీశాను. కాగితం తిప్పి కిందటి నెల కూడా చూశాను. క్యాలెండర్‌లో ఎనిమిది సున్నాలు. నా కార్డులో తొమ్మిది ఏడుపు బొమ్మలు. ఎనిమిది తేదీలూ కలిశాయి. ఒక్కటి ఎక్కువుంది, అది కలవలేదు. నిజం చెప్పాలంటే, ఆ ఒక్కటి కలవనందుకు నా ప్రాణం కుదుటపడింది.

ముత్తమ్మను పిలిచి ఆ తేదీ ఏమిటని అడిగాను. రెండేళ్ల తర్వాత నేను ఆమెతో మాట్లాడిన మొదటి మాట అది.

"ఆ దినమా? అల్లుని చుట్టాలొచ్చిండ్రు, చాయకు పాలు లేకుంటె ఎట్ల? నొప్పితోనే లేచి పిండిన" అన్నది.

తొమ్మిదోదీ కలిసింది. రేపు నాతో దవాఖానకు రమ్మన్నాను. కార్డు, క్యాలెండర్ పక్కపక్కన పెట్టి చూపించాను. ఒప్పుకుంటుందా?

"రెండేండ్లు మాట లేదు ముచ్చట లేదు, ఇప్పుడొచ్చి నా పేగులు చూపియ్యమంటున్నవా అక్కా?"

"నీ నొప్పికి ఆ ఉప్పునీళ్లు రెండుసార్లు నేను తాగిన. ఇగ నువ్వు తాగు" అన్నాను. నేను గొంతు పెంచడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. మర్నాడు బస్సెక్కింది.

పెద్దపేగులో ఎడమ వైపు రేగుపండంత గడ్డ ఉంది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. ఇంకో ఏడాది దాచుకుని ఉంటే మనిషి దక్కేది కాదన్నారు. ఆపరేషన్ తర్వాత ఆమెకు ఆ నొప్పి లేదు. నాకూ లేదు, ఒక్క రోజు కూడా రాలేదు.

కార్డు, క్యాలెండర్ కాగితాలు డాక్టరు సారుకు చూపించాను. ఒక్కోసారి అలా కలుస్తాయి అన్నాడు. మనసులో దిగులు ఉంటే కడుపులో నొప్పి పుడుతుందన్నాడు. ఆమెకు జబ్బుందని నాకు తెలిస్తే కదా దిగులు పడటానికి? ఆ మాటే అడిగాను. "మీ కార్డును మంచిగా ఉన్నవాళ్లలో వేస్తే తప్పు అవ్వా, జబ్బున్నవాళ్లలో వేసినా తప్పే. ఎందులోనూ వేయలేం" అని నా కార్డు నాకే ఇచ్చేశాడు. నా ట్రంకుపెట్టెలో ఉంది, వచ్చినప్పుడు చూడండి.

అది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. చదువుకున్నవాళ్లకే అంతుపట్టనిది ఐదో తరగతి దాకా చదివిన నాకేం తెలుస్తుంది. తెలిసిందల్లా ఒక్కటే, ఎక్కడ నొప్పి లేచినా ముందు హుజూర్‌నగర్‌కు ఫోన్ చేసుకోవాల్సి వస్తోంది. మోకాలు నొప్పి అని చేస్తే "అది నీదే అక్కా, నాది మంచిగనే ఉన్నది" అంటుంది. అదో తలనొప్పి.

ఇప్పుడు ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నాలుగు రోజులుగా నాకు కుడి వైపు కింది దవడలో పన్ను సలుపుతోంది. రాత్రి నిద్ర లేదు. ఆ వైపు నాకు పళ్లు ఊడిపోయి పదేళ్లయింది. ముత్తమ్మను అడిగాను, తనది కాదంది. ఫోన్ చేస్తే మీరు ముగ్గురూ మంచిగనే ఉన్నం అవ్వా అంటారు. ముత్తమ్మ కూడా అట్లే అనేది. ఎవరిదో దాచకుండా చెప్పండి.