పనసపొట్టు కూర కోసం పెన్‌డ్రైవ్ గుర్తు చెరిపాను

ఈ రోజు తెలంగాణ బంద్. కొండాపూర్‌లో టీకొట్టు కూడా తెరవలేదు, మా ఆఫీసు క్యాంటీనూ మూసేశారు. పక్క సీటు కాకినాడ మూర్తిగారు మాత్రం పనసపొట్టు కూర తెచ్చుకుని, అడిగినా పెట్టకుండా డబ్బా సొరుగులో దాచారు.

ఆయన అటు వెళ్లగానే ఆయన పెన్‌డ్రైవ్‌ నా కంప్యూటర్‌కు పెట్టి, ఒక్క కమాండ్‌తో దాని ఫైల్‌సిస్టమ్ గుర్తు, అంటే లోపల ఫైళ్ల అమరిక ఏ రకమో కంప్యూటర్‌కు చెప్పే ముద్ర, చెరిపేశాను. ఫైళ్లు లోపలే ఉంటాయి, గుర్తు లేక కంప్యూటర్‌కు కనపడవంతే. చెరిపే ముందే ఆ గుర్తును నా కంప్యూటర్‌లో దాచుకుని, పెన్‌డ్రైవ్‌ను ఎక్కడిదక్కడే పెట్టేశాను. ఇంటర్ తప్పినా ఆ మాత్రం తెలివుంది.

కాసేపటికి మూర్తిగారి కేక వినపడింది. "బాబోయ్, ఖాళీ అంటోందండీ! మా పాప అన్నప్రాశన ఫోటోలండీ!"

"పరేషాన్ గాకు అన్నా, నేను తెప్పిస్త. గని కడుపు ఖాళీగుంటే నా దిమాగ్ నడ్వదు."

డబ్బా నా ముందుకొచ్చింది. సగం తిని, గుర్తు తిరిగి రాశాను. తెర మీద పాప బోసినవ్వు నవ్వింది. అప్పుడు నిజం చెప్పాను.

"దుర్మార్గుడా! రేపు రెండు డబ్బాలు తెస్తాను, నా వస్తువుల జోలికి రాకు!" అంటూ మూర్తిగారు పెన్‌డ్రైవ్‌ను మొలతాడుకు కట్టుకున్నారు.

మీలో ఇంకెవరైనా కూర దాచుకుని తింటున్నారా? చెప్పండి, మీ పెన్‌డ్రైవ్ ఒకసారి చూస్తాను.