షహతూత్ రసం, వదిన కొంగు

కాక్‌టెయిల్ అన్న మాట ఫోన్లో వినగానే మా వదిన, అంటే మా ఆయన అక్క, బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీ ఎక్కి వచ్చేసింది.

"ఏటే, ప్రభువు బల్లకి రసం కాసే చేత్తో మందు కలుపుతున్నావేటి?" గుమ్మంలోనే అడిగింది.

"మందు లేదు వదినా. ఉత్త పళ్ళ రసం. పేరే కాక్‌టెయిల్."

"మందు లేనప్పుడు ఆ పేరెందుకు మరి?"

నేను పొయ్యి వైపు తిరిగాను. వాదనలో నన్ను గెలవడం అరుదు కాబట్టి వదిన తృప్తిగా కూర్చుని టీ అడిగింది.

సంగతేమిటంటే, ఉద్యోగంలో చేరిన ఏడాదికి మా అమ్మాయి తొలిసారి ఆఫీసు స్నేహితుల్ని బ్రూక్షాబాద్‌లోని మా ఇంటికి పిలిచింది. మా ఇంట్లో ఏ వేడుకైనా ప్రార్థన, కేకు, నారింజ రంగు నీళ్ళు. "ఈ ఒక్కసారి అందరిలా ఉందాం, ప్లీజ్ అమ్మా" అంది. ఆ ముఖం చూసి, తను చూపించిన వీడియోలో ఉన్న బెర్రీల కాక్‌టెయిల్ నేనే చేస్తానని మాటిచ్చాను.

లంబాలైన్ దుకాణంలో అడిగితే బెర్రీలు ఈ దీవులకి ఫ్లైట్‌లో రావాలన్నారు. పక్కింటి దీదీ పెరట్లో షహతూత్ చెట్టు విరగకాసి ఉంది. మల్బరీ అన్నమాట. శాస్త్రం ప్రకారం అది బెర్రీ కాదు. ఆ మాటకొస్తే స్ట్రాబెర్రీ కూడా కాదు. నా బోటనీ డిగ్రీ నోరు మూసుకోవాల్సిన రోజులుంటాయి.

మధ్యాహ్నం సగం పళ్ళు మరిగించి, తెల్లగుడ్డలో వడగట్టి, చల్లార్చి, వదినకు చిన్న గ్లాసులో పోశాను. ఒక్క గుక్క తాగింది. ఎడమచెయ్యి తనంతట తానే లేచి కొంగును ప్రార్థనలోలా తలమీదికి లాగింది.

"ఓలమ్మా, నేనెందుకు ముసుగేసుకున్నానే?"

నేనూ తాగి చూశాను. నెల మొదటి ఆదివారపు రుచి. చర్చిలో ప్రభువు బల్లకు ఎండుద్రాక్ష రసం కాచే వంతు ఏళ్ళ తరబడి నాదే. వంటింట్లో నేను వదినతో వాదిస్తూ ఉంటే, నా చెయ్యి దాని అలవాటు ప్రకారం రెండు లవంగాలు వేసి కాచేసింది.

"అమ్మా, యే తో చర్చ్ హై!" అమ్మాయి గ్లాసు దించేసింది. "వాళ్ళు ఐదింటికి వచ్చేస్తారు. ఇది తాగి మోకాళ్ళమీద కూర్చుంటారు."

నాకు మాత్రం ఇంకో సందేహం పట్టుకుంది. పళ్ళు వేరు, చెట్టు వేరు. అయినా భక్తి ఎందులోంచి వచ్చింది? లవంగంలోంచా, మంటలోంచా? లవంగం లేకుండా ఇంకో గుప్పెడు మరిగించాను. వదిన తాగింది. కొంగు కదిలింది కానీ మెడ దగ్గర ఆగింది.

"నువ్వు కావాలనే లాగుతున్నావు వదినా."

"నీ రసాన్ని అడుగు, నన్ను కాదు."

అమ్మాయి గడియారం చూస్తూ గోళ్ళు కొరుకుతోంది. మిగిలిన పళ్ళను పచ్చివే రోట్లో దంచాను. నిమ్మరసం, పుదీనా, నల్ల ఉప్పు, చిటికెడు కారం, ఐసు, పైన సోడా. వదిన మళ్ళీ తాగింది. కళ్ళు చికిలించింది, నాలుక చప్పరించింది, ఒక చిన్న తేన్పు తేన్చింది. కొంగు భుజం మీదే ఉంది.

"ఇదీ!" అని అరిచింది అమ్మాయి.

సాయంత్రం నలుగురు వచ్చారు. ఒకమ్మాయి ఖాళీ గ్లాసు చాపి, "ఆంటీ, ఔర్ హై క్యా?" అంది. అప్పటిదాకా నిలబడే ఉన్న మా అమ్మాయి అప్పుడు కూర్చుంది. వాళ్ళ మధ్యలో, కాళ్ళు పైకి పెట్టుకుని.

వాళ్ళు నవ్వుకుంటూ ఉంటే, మధ్యాహ్నం కాచిన లవంగాల రసం పారబోద్దామని గిన్నె సింకు మీదికి ఎత్తాను.

"పారబోస్తావేటే?" వెనకనుంచి వదిన.

"అది షహతూత్ వదినా. దానిమీద ఎవరూ ప్రార్థన చెయ్యలేదు."

"అయితే పారబొయ్యి. ఎవరాపారు?"

గిన్నె వంచలేకపోయాను. ఫ్రిజ్‌లో పెట్టి తలుపేశాను. వదిన తన గ్లాసు ముందుకు చాపింది.

"నాకింకొంచెం వెయ్యి. ఆ పేరున్నదే."