కరెంటు తీయబోయిన విలన్లు

నాందేడ్‌లో మా ఇంట్లోనే ఉండి ఇంజనీరింగ్ చదువుతున్న రోజుల్లో, ప్లాస్టిక్ ఇటుకల బొమ్మలను ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో ఒక వెబ్ కామిక్ నడిపేవాణ్ని. ప్రపంచాన్ని గుప్పిట్లో పెట్టుకోవాలని చూసి, ప్రతిసారీ బోల్తా పడే ముగ్గురు విలన్ల కథ అది. ఆదివారం దాటకుండా వారానికొక ఎపిసోడ్ పెట్టాలి, ఒక్క వారం కూడా తప్పకూడదని నియమం పెట్టుకున్నాను.

ఆ వారం విలన్లు నగరమంతటికీ కరెంటు తీసేస్తారు. వాళ్ల పథకం ఎలా చెడాలో మాత్రం ఆదివారం మధ్యాహ్నం దాకా తట్టలేదు. ఫొటోలు తీస్తుండగా లోడ్‌షెడ్డింగ్ మొదలై టేబుల్ ల్యాంప్ ఆరిపోయింది. సెట్టంతా పీట మీద పెట్టుకుని మిద్దె ఎక్కాను. అక్కడ అమ్మ ఎండబోసిన మిరపకాయలు తిరగేస్తోంది.

“ఏంది రా, మళ్ల బొమ్మలాటనా? ఈసారి ఏం జేస్తున్నరు నీ దొంగలు?”

“ఊరంత కరెంటు తీస్తున్నరమ్మా.”

“మన ఊర్లనా? తీసిన్రని ఎవనికి ఎరుకైతది రా? రోజు పోతనే ఉన్నది గద!”

ముగింపు దొరికింది. కానీ అప్పటికే తీసిన ఫొటోల్లో జనం భయంతో పరుగెడుతున్నారు. అవన్నీ చెరిపేసి, ఎండ దిగేలోపు మొదటి ఫ్రేము నుంచి మళ్లీ తీశాను. బొమ్మల గోడ గాలికి పడినప్పుడల్లా లేపి నిలబెట్టాను. చివరి ఫ్రేములో పెద్ద విలన్ మీట లాగి వికటంగా నవ్వుతాడు. కింద వీధిలో ఒకామె అట్టముక్క విసనకర్ర ఊపుకుంటూ పక్కింటామెతో కబుర్లు చెబుతూనే ఉంటుంది.

కరెంటు వచ్చేసరికి చీకటి పడింది. ఇంటర్నెట్ సెంటర్ మూసేలోపు పరుగెత్తి ఎపిసోడ్ పెట్టాను. ఆ ఆదివారం కూడా తప్పలేదు.