రేడియో బాబాయ్ గారి రెండో గొంతు

ఊరంతా ఆయనను రేడియో బాబాయ్ అనేది. పొద్దున్నే ఆయన గొంతు వినబడితే తప్ప చాలామందికి కాఫీ గొంతు దిగేది కాదు. ఆయన భార్యకు మాత్రం అది వింటే ఒళ్లు మండేది.

ముప్పై ఏళ్లుగా ఆయన కార్యక్రమాన్ని రెండు గొంతులతో లాక్కొచ్చాడు. ఒకటి తనది. రెండోది, తనే గొంతు మార్చి పలికే ‘మా ఆవిడ’ది. ముక్కుతో, కీచుగా, ప్రతి మాటా సాగదీస్తూ మాట్లాడేది ఆ ఆవిడ. ఇస్త్రీపెట్టె వదిలేసి చొక్కా తగలబెట్టేది. పక్కింటి గోడకు చెవి ఆనించేది. నిజానికి చొక్కా తగలబెట్టింది ఆయనే. ఇంట్లో ఆయన వెలగబెట్టిన ప్రతి తెలివితక్కువ పనీ తెల్లారేసరికి ఆవిడ నెత్తిన పడేది.

అసలు భార్యది నెమ్మదైన, కాస్త బొంగురు గొంతు. మందుల షాపులో పనిచేసేది. జ్వరం మాత్రల కోసం వచ్చినవాళ్లు కూడా ఊరుకునేవాళ్లు కాదు.

“ఏంటక్కా, ఇవాళ బాబాయికి చొక్కా మిగిల్చావా?”

“అది నేను కాల్చలేదమ్మా.”

“అబ్బో, ఇక్కడ ఎంత బుద్ధిమంతురాలో!”

ఇంట్లో పోట్లాడితే ఆ పోట్లాట మర్నాడు రేడియో ఎక్కేది. అందుకని ఆవిడ నోరు కట్టేసుకుంది. ఆయనకు లోటేమీ రాలేదు, కల్పించుకున్నాడు.

ఆయన ఉద్యోగం గడువు ముగియవచ్చింది. భార్యను ఒకరోజు స్టూడియోకు తీసుకురమ్మని, జనానికి నచ్చితే గడువు పెంచుతామని మేనేజరు ఆశ పెట్టాడు. ఆయన ఇంటికొచ్చి వెన్నపూస మాటలు మొదలుపెట్టాడు.

“ఒక్కసారి రావే. నీ పరువు నిలబెడతా.”

“తీసింది మీరేగా?”

“అందుకే రమ్మంటున్నా. చొక్కా సంగతి నువ్వే చెప్పు. అందరి ముందూ ఒప్పుకుంటా.”

అక్కడ ఆవిడ మెత్తబడింది. ఒక్కసారి తన గొంతుతో ఊరికి నిజం చెప్పుకోవాలి. అంతకుమించి ఆవిడకేమీ అక్కర్లేదు.

స్టూడియో అంటే గోడలకు మందపాటి గుడ్డ అంటించిన ఇరుకు గది. ఆవిడ మైకు ముందుకు వంగి తడబడకుండా చెప్పింది. “చొక్కా కాల్చింది నేను కాదండీ, ఆయనే.”

వెంటనే ఫోన్లు మోగాయి.

“బాబాయ్, ఎవరండీ ఈవిడ? మా పిన్నిని పిలవండి!”

“ఎవర్నో పట్టుకొచ్చి మమ్మల్ని వెర్రివాళ్లని చేద్దామనా?”

ఆవిడ భర్త వంక చూసింది. ‘ఈవిడే నా భార్య’ అంటే చాలు. ఆయన అద్దం అవతలున్న మేనేజరు ముఖం చూశాడు. అది మాడిపోయి ఉంది. బాబాయ్ గొంతు సవరించుకుని ముక్కుతో అందుకున్నాడు.

“ఏవండోయ్! నా కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టారండీ?”

ఫోనులో ఉన్నవాడు పగలబడి నవ్వాడు. మేనేజరు బొటనవేలు పైకెత్తాడు. ఆవిడ లేచి, స్టూడియో బరువైన తలుపు తోసుకుని బయటికొచ్చేసింది.

మధ్యాహ్నం ఆయన వెలిగిపోతూ ఇంటికొచ్చాడు. “ఇంకో రెండేళ్లు పెంచారే! అక్కడ అలా అనకపోతే కొంప మునిగేది, అర్థం చేసుకో. ఆకలేస్తోంది, అన్నం పెట్టు.”

షాపుకు బయల్దేరుతున్న ఆవిడ చెప్పుల్లో కాళ్లు పెడుతూ అంది. “ఆవిడ్ని పెట్టమనండి.”

ఆ పూటే కాదు, తర్వాత ఏ పూటా ఆవిడ వడ్డించలేదు. బాబాయ్ ఇప్పుడు రేడియో స్టేషన్ క్యాంటీన్లో తింటున్నాడు. ఆ సంగతి మాత్రం ఇంతవరకూ కార్యక్రమంలో చెప్పలేదు.