చప్పుడు చేసే కీబోర్డు

విజయదుర్గకి కోపం రాదు. ఆ సంగతే నాకు కోపం తెప్పిస్తుంది. కాఫీ చల్లారిపోయినా "పర్లేదక్కా", గణపవరం బస్సు కళ్ళముందే వెళ్ళిపోయినా "పర్లేదక్కా". మనిషన్నాక కాస్త ఉప్పూ కారం ఉండొద్దూ!

ఏలూరు రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా, దస్తావేజులు రాసే మధుబాబు గారి దగ్గర మేమిద్దరం పనిచేస్తాం. నాది జిరాక్సు, దుర్గది టైపు. పెళ్ళికి ముందే టైపు హయ్యరు పాసైంది. మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినా ఆ కుర్చీ ఆవిడదే. మధుబాబు గారు పైకి చదువుతూ ఉంటే, స్క్రీనైనా చూడకుండా కొట్టుకుంటూ పోతుంది. కొల్లేరు చుట్టూ ఎన్ని చేపల చెరువుల హద్దులు ఆ వేళ్ళ మీదుగా వెళ్ళాయో ఆ పెద్దింట్లమ్మ తల్లికే తెలియాలి. భర్త నడుం పడిపోయి చెరువుల కాపలా మానేశాక ఇల్లు నడిచేది ఈ టైపు మీదే.

ఈమధ్య తప్పులు దొర్లుతున్నాయి. ఒక దస్తావేజులో పడమటి హద్దు సగమే పడింది. కొన్నవాళ్ళు వచ్చి నానా గొడవా చేశారు. మధుబాబు గారు మంచాయనే, కానీ "ఇంకోసారి ఇలా జరిగితే వేరే మనిషిని చూసుకోవాల్సొస్తుందండీ" అన్నారు. మళ్ళీ ఆయనే, పాత కీబోర్డు బిగుసుకుపోయిందేమో, చేతికి హాయిగా ఉండేది తెచ్చుకోమని మమ్మల్నిద్దర్నీ షాపుకి పంపారు.

షాపతను మెత్తటిదొకటి తీశాడు. "వెన్నపూసేనండీ, చప్పుడే రాదు." దుర్గ రెండు ముక్కలు కొట్టి పక్కకి నెట్టేసింది. మణికట్టు కింద దిండున్నది తీశాడు. అదీ వద్దంది. చివరికి అడుగున ఉన్న ఎత్తు కీల కీబోర్డు తీయించి, టకటకమని కొట్టి చూసింది.

"అది గేములాడే కుర్రాళ్ళు కొనేదండీ. ఆఫీసులో గోలగోలగా ఉంటుంది" అన్నాడతను.

"ఇదే ఇవ్వండి" అంది.

నాకు ఒళ్ళు మండింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! వెన్నలాంటిది చేతికిస్తే ఈ వడ్లమిల్లు కావాలా నీకు?"

దుర్గ నన్ను గుమ్మం బయటికి తీసుకెళ్ళింది.

"మెత్తటిదైతే కీ దిగిందో లేదో తెలీట్లేదక్కా. వేళ్ళకి స్పర్శ లేదు. చప్పుడైతే వినపడుద్ది కదా."

బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది.

"డాక్టరుకి చూపించావా?"

"నరం నొక్కుకుపోయిందంట. ఆపరేషన్ చేయించుకుని కొన్నాళ్ళు పని మానాలంట. సారుకి చెప్పకండక్కా."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు. లోపలికెళ్ళి ఆ కీబోర్డు ప్యాక్ చేయించుకుంది.

ఆఫీసులో మధుబాబు గారు ఆ మోత విని తల పట్టుకున్నారు. "ఏవండీ, హాయిగా ఉండేది తెచ్చుకోమంటే వడగళ్ళ వాన తెచ్చారేంటి?"

"నేనే ఏరానండీ. ఆ చప్పుడు లేకపోతే నాకు నిద్రొస్తుంది" అన్నాను. ఆయన నవ్వేసి ఊరుకున్నారు. ఆ తర్వాత తప్పులు పడలేదు. దుర్గ కొంచెం మెడ వంచి, చెవి కీబోర్డు వైపు పెట్టి కొట్టేది. అలా ఎందుకు కూర్చుంటోందో నాకొక్కదానికే తెలుసు.

మొన్న అమ్మవారి ఊరేగింపు మా వీధిలోకి తిరిగింది. డప్పులకి కిటికీ అద్దాలు అదిరిపోతున్నాయి. చెరువు కొనే పార్టీ బల్ల దగ్గరే కూర్చుని తొందరపెడుతోంది. మధుబాబు గారు గొంతు పెంచి చదువుతున్నారు. దుర్గ చేతులు ఆగిపోయాయి.

"ఉత్తరం, కాలవ గట్టు!" అని అరిచారాయన.

దుర్గ కదల్లేదు.

"ఉత్తరమండీ, ఉత్తరం! ఓరి నాయనో, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని!"

ఏదో ఒకటి చెప్పి అడ్డుపడదామని లేచాను. దుర్గ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"మీ మాట వినపడుతోందండీ" అంది ఆయనతో. "నా వేళ్ళే వినపడట్లేదు."

ఆయన ఆ వేళ్ళ వంక చూశారు. చదువుతున్న కాగితం బల్ల మీద పెట్టేశారు.

డప్పులు వీధి చివరికి వెళ్ళిపోయాక, దుర్గ మళ్ళీ కీబోర్డు మీద చేతులు పెట్టి చెవి వంచింది. ఆయన కాగితం ముట్టుకోకుండా, "ఎన్నాళ్ళనుంచండీ ఇలా?" అన్నారు.